అత్తమ్మ మానేసిన పాలచాయ

మా అత్తమ్మ పోయిందని పోయిన నెల పెద్దవంగర నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "నిద్రలనే పోయింది, ఎవ్వల్నీ తిప్పలపెట్టలే" అని ఏడ్చింది. జనగామలో మా ఇంట్లో నేను ముందుగా సర్దింది మా బాబు పెరుగు డబ్బా. దాన్ని సంచిలో చీరల కింద దాచాను. నా ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మా బాబుకు ఆటిజం. ఏడేళ్లొచ్చినా మాటలు రాలేదు. వాడు తినేవే రెండు మూడు: పెరుగన్నం, పాలు, ఒకే రకం బిస్కెట్లు. అత్తమ్మ వాణ్ని "ఇటు చూడు, అటు చూడు" అని ఎన్నడూ సతాయించలేదు. చేటలో చింతగింజలు పోసుకుని, వాడికి వీపు పెట్టి కూర్చుని చెరిగేది. ఆ చప్పుడుకు వాడు జరిగి జరిగి వచ్చి ఆమె వీపుకు ఆనుకునేవాడు. నా దగ్గరికి అట్లా రాడని నాకు కాస్త కుళ్లు కూడా ఉండేది.

రెండేళ్ల కింద ఫోన్లో ఒక వీడియో చూశాను. పాలు, గోధుమలు మాన్పిస్తే మాటలు వస్తాయట. డాక్టర్ను అడిగితే, "అసలే తినేది తక్కువ, తొందరపడకండి" అన్నాడు. నాకు డాక్టర్ కంటే వీడియోనే ముద్దయింది. అత్తమ్మకు గట్టిగా చెప్పాను. "ప్రేమ, పావురమని దొంగచాటుగ పెట్టకు అత్తమ్మా. నీ వల్లనే వాడు ఆగమైతడు."

ఆమె కోపం చేసుకోలేదు. "ఒక్కపొద్దు తల్లి ఉంటది బిడ్డా, పిలగాన్ని ఉంచుతమా?" అన్నది. నన్ను ఎత్తిపొడుస్తోందనుకున్నాను. "సరే తియ్, వాడు ముట్టనన్నాళ్లు నేను గూడ ముట్ట. గోధుమలదేమున్నది, జొన్నరొట్టె తిన్న పాణం. చాయనే జర..." అని నవ్వింది. పొద్దున చిక్కటి పాలచాయ పడనిదే పొయ్యి దగ్గర నుంచి కదలని మనిషి.

బాబుకు మాటలు రాలేదు సరికదా, ఉన్న తిండీ పోయింది. పక్కటెముకలు తేలాయి. డాక్టర్ చీవాట్లు పెట్టాక, నెల తిరగకముందే మళ్లీ పెరుగన్నం మొదలుపెట్టాం. ఆ సంగతి అత్తమ్మకు చెప్పలేదు. చెబుతానన్న మా ఆయనను నేనే ఆపాను. తప్పయిందని ఆమె ముందు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

సిగ్గు లేకుండా ఇంకో పని కూడా చేశాను. పెద్దవంగర పోయినప్పుడల్లా ఆమె ముందు వాడికి ఉత్త అన్నం పెట్టేదాన్ని. వాడు తోసేసేవాడు. ఆకలికి గోల చేయకముందే బయల్దేరేవాళ్లం. "ఈ రాత్రికి ఉండరాదు బిడ్డా, జర గింజలతోటి ఆడుకుంటడు" అని ఆమె బతిమాలేది. పొద్దున్నే థెరపీ ఉందనేదాన్ని. బస్సు ఊరు దాటగానే పెరుగు డబ్బా మూత తీసేదాన్ని. నా పరువు కోసం వాణ్ని పస్తు పెట్టాను, ఆమెకు మనవణ్ని లేకుండా చేశాను.

మూడో రోజు పోయినామె పేరున పిట్టకు పెట్టడానికి విస్తరిలో ఆమెకు ఇష్టమైనవన్నీ సర్దుతున్నారు. ఎవరో చాయ తెమ్మన్నారు.

"పాలు పొయ్యకుండ్రి" అన్నది ఆడబిడ్డ. "పిలగాడు ముట్టనన్నాళ్లు ముట్టనన్నది. సచ్చేదాక నల్లచాయనే తాగింది."

నల్లచాయ గ్లాసు విస్తరి పక్కన పెట్టారు. అప్పుడే ఆకలేసి మా బాబు నా సంచి ఈడ్చుకొచ్చాడు. చీరలన్నీ కింద పడేసి, రెండు రోజులుగా నేను చాటుగా తినిపిస్తున్న పెరుగు డబ్బా తీసి నా ఒళ్లో పెట్టాడు. వాడికి దాచడం రాదు. అందరూ చూస్తుండగా అన్నంలో కలిపి పెట్టాను. గబగబా తిన్నాడు.

"పెరుగు తింటుండా? ఎప్పటి సంది?" అడిగింది ఆడబిడ్డ.

"ఎప్పుడో మొదలుపెట్టినం వదినె. నేనే అత్తమ్మకు చెప్పలే."

ఆమె నన్ను తిడితే బాగుండేది. "చాయంటే పాణమిడిచేది గదనే" అని మాత్రం అన్నది.

నేను లేచి నల్లచాయ పారబోసి పాలు పొయ్యి మీద పెట్టాను. అత్తమ్మకు చక్కెర ఎంత వేయాలో వదినెను అడగాల్సి వచ్చింది. విస్తరిని గోడ మీద పెట్టాక గ్లాసు దాని పక్కన పెట్టి, "వాడు తింటుండు అత్తమ్మా. నువ్వు గూడ తాగు" అన్నాను. పిట్టలు వచ్చి అన్నం తిని పోయాయి. చాయ చల్లారి, పైన మీగడ కట్టింది.