కుర్చీ ఎత్తు బండ

ముందే చెప్పేస్తే మీకూ మంచిది, నాకూ మంచిది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. నేను "వాన మొదలైంది" అంటే మా ఇంట్లో ఆరేసిన బట్టలు తీయడానికి ఎవరూ మేడెక్కరు, ముందు కిటికీ తీసి చూస్తారు. వీధిలో ఒక కుక్క తరిమితే, ఇంటికొచ్చేసరికి అది ఐదారు కుక్కలవుతుంది. చాయ్ తాగడం అయ్యేసరికి వాటిలో ఒకటి తోడేలవుతుంది. ఇది చదివేవాళ్లు కూడా ఎవరికి తోచినంత వాళ్లు తగ్గించుకోవాలి.

నేరేడ్‌మెట్‌లో మా ఇంటి మెట్ల మీద, పోయిన వానాకాలంలో మా ఆవిడ జారిపడింది. మోకాలి చిప్ప విరిగింది. ఆ చప్పుడు మౌలాలి గుట్ట మీదికి వినిపించిందని చాలామందికి చెప్పాను. నిజానికి అంత దూరం వినిపించగలిగింది నా కేక ఒక్కటే. ఆపరేషన్ అయింది, ఇన్నాళ్లకు నడక కూడా కుదురుకుంది. కానీ డాక్టర్ ఒక్క మాట అన్నారు: "ఇకమీదట కింద కూర్చోవద్దమ్మా."

అంతేనా అనుకున్నాం. అదెంత పెద్ద మాటో చిలకలగూడలో ఒక బారసాలకు వెళ్లినప్పుడు తెలిసింది. ఆడవాళ్లంతా జంపఖానా మీద కూర్చున్నారు. మా ఆవిడ గుమ్మంలో కనిపించగానే "అక్కకు కుర్చీ, అక్కకు కుర్చీ" అని మొదలైంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చేతులు మారుతూ, తలల మీదుగా ఉత్సవ విగ్రహంలా ఊరేగి వచ్చి గది మధ్యలో దిగింది. పంచాయతీ తీర్పు చెప్పడానికి వచ్చిన పెద్దమనిషిలా ఆమె దాని మీద కూర్చుంది. చుట్టూ కింద గుసగుసలు, నవ్వులు. కుర్చీలో కూర్చున్న మనిషి చెవిలో గుసగుసగా ఎవరూ ఏమీ చెప్పరు. వంగితే ఆమెకు అందదు, లేవాలంటే వీళ్లకు బద్ధకం.

ఆ తర్వాత ఏ పిలుపు వచ్చినా ఆమెది ఒకటే జవాబు. "మీరు పోయి రండి. నాకు మనసైత లేదు."

ఏటా చలి తగ్గి ఎండ ముదరకముందు, ఒక ఆదివారం ఊరు దాటి ఏ చెట్టు కిందనో తిని రావడం మా ఇంటి అలవాటు. ఆ అలవాటు చేసిన మనిషి ఆమే. బగారన్నం, కోడికూర ఆమెవి. జాగా చూడటం నాది. ఈసారి ఆమె "వద్దు" అంది. ఈ ఒక్క ఏడు తప్పిందంటే ఇక ఎప్పటికీ తప్పినట్టేనని నాకు భయం పట్టుకుంది. ఇందులో మాత్రం మీరు తగ్గించుకోవలసింది ఏమీ లేదు.

మా బావమరిదిని పిలిచాను. అక్క అంటే వాడికి ప్రాణం, కారు అంటే అంతకంటే కొంచెం ఎక్కువ.

"మడత కుర్చీలు కొందాం బావా," అన్నాడు. "అందరికీ కుర్చీలే. అక్క ఒక్కతే అనిపియ్యది."

"అందరికీ కుర్చీలేస్తే అది పిక్నిక్ గాదురా, రిసెప్షన్. ఇంక మనం చదివింపుల కవర్లు గూడ పట్కపోవాలె."

"మరేం జేద్దామంటవ్?"

"కుర్చీ గాని కుర్చీ గావాలె. చూస్తె బండ లెక్కుండాలె, కూసుంటె కుర్చీ లెక్కుండాలె."

వాడు కాసేపు నన్ను పరీక్షగా చూసి, కారు తాళం చేతిలోకి తీసుకున్నాడు.

ఈ నేల మీద బండలకు దేవుడు ఏ లోటూ చేయలేదు. ఆయన ప్రపంచమంతా కట్టుకొని, మిగిలిన రాళ్లన్నీ సికింద్రాబాద్ చుట్టూ దింపేసి పోయాడని నా నమ్మకం. అందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను. కానీ ఎత్తు కుదరాలి. తక్కువైతే ఆమె లేవలేదు. ఎక్కువైతే కాళ్లు గాల్లో ఊగుతాయి. మా భోజనాల బల్ల దగ్గర ఆమె కూర్చునే కుర్చీ పక్కన గొడుగు నిలబెట్టి, సరిగ్గా ఆ ఎత్తున ఒక రబ్బరు బ్యాండు చుట్టాను. అదే మా టేపు.

కీసర దాటి తిరగడం మొదలుపెట్టాం. మొదట చూసిన చోటు ఎంత అందంగా ఉందంటే, పెళ్లికి ముందే ఫొటోలు దిగే జంటలు అక్కడ రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు లైను కట్టారు. రెండోది మామిడితోట. నీడ చల్లగా ఉంది కానీ ఎర్రచీమలు ఉన్నాయి. ఒక్కొక్కటీ మేకపిల్లంత, నన్ను మా బావమరిది కళ్లముందే సగం మోసుకుపోయాయి. మూడోచోట గుట్ట మీది నుంచి లోకమంతా కనబడుతుంది గానీ, అన్నం గిన్నె కింద పెడితే అది మనకంటే ముందే ఇల్లు చేరుతుంది.

ప్రతి బండ దగ్గరా నేను గొడుగు ఆనించడం, మా వాడు కూర్చుని లేచి, మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చుని, తలూపడమో తల అడ్డంగా తిప్పడమో చేయడం. మబ్బు ముక్క లేని ఆకాశం కింద, గొడుగుతో రాళ్లు కొలిచే ఇద్దరు మనుషుల్ని ఒక ఊరు ఎంతసేపు చూస్తూ ఊరుకుంటుంది? నలుగురైదుగురు పోగయ్యారు. నేను చెప్పేటప్పుడు నాలుగువందలు. తలకు తువాలు చుట్టుకున్న పెద్దాయన ఒకరు ముందుకొచ్చారు.

"ఏం సారూ, రోడ్డు పడుతున్నదా?"

"లేదు పెద్దాయనా."

"మరి కొలుస్తున్నరు గదా. ప్లాట్లు జేస్తరా?"

"బండనే కొలుస్తున్నం."

"క్వారీ పెడ్తరా ఏంది?" ఆయన గొంతు మారింది. వెనకున్నవాళ్లు ఒక అడుగు దగ్గరికొచ్చారు.

ఇక నిజం చెప్పక తప్పలేదు. "మా ఆవిడ కూసోనీకి," అన్నాను. మోకాలి సంగతి, ఎర్ర కుర్చీ సంగతి మొత్తం చెప్పాను. ఆయన నమ్మకం కోసం మా బావమరిది వైపు చూశారు. వాడు బుద్ధిగా తలూపాడు.

"ఆమె ఏడున్నది?"

"ఇంట్ల."

"ఇంట్ల కూసున్న ఆమె కోసం మీరు ఈడ కూసుంట లేస్తున్నరు."

"అవును."

"పెండ్లయి ఎన్నేండ్లయింది?"

"శాన ఏండ్లయింది."

"అయినా గిట్లనేనా," అని ఆయన తువాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత మమ్మల్ని చెరువుకట్ట మీదికి తీసుకెళ్లారు. చింతచెట్టు కింద పొడుగాటి బండ, పైభాగం నున్నగా ఉంది. "మా ఇంటామె పొలం కాడికొస్తె దీని మీదనే కూసుంటది. ఆమెకు గూడ మోకాళ్ల నొప్పులే. తినుర్రి, కూసోర్రి. ప్లేట్లు, కవర్లు గిట్ల పారేయకుర్రి, బర్లు తింటయ్."

గొడుగు ఆనించాను. రబ్బరు బ్యాండు బండ అంచుకు ముద్దు పెట్టినట్టు కలిసింది.

అక్కను బయల్దేరదీసే పని మా బావమరిది ఫోన్‌లో ముగించాడు. "అక్కా, నువ్వు రాకున్నా ఫరవాలేదు. బగారన్నం నా పెండ్లాం చేస్తది." ఆదివారం పొద్దున అందరికంటే ముందు తయారై కూర్చున్నది ఆమే.

చెరువు సముద్రమంత ఉంది. అలలు కట్టెక్కి వచ్చి మా పళ్లేల్లో బగారన్నం రుచి చూసి పోతున్నాయి. కొంగలు బారులు తీరి మాకు స్వాగతం పలికాయి. కారు ఆగగానే మా బావమరిది, జన్మలో నాటకం ఆడని మనిషి, "అరె బావా, గీడ ఎంత మంచిగుంది, మనం ఎన్నడు జూడనే లేదు," అన్నాడు. వాడు గొంతు పెంచిన తీరుకే దొరికిపోయాం. ఆమె బండను చూసింది. డిక్కీలోంచి జారిన గొడుగును చూసింది.

"ఈ రబ్బరు బ్యాండు ఏంది?"

మా బావమరిది డిక్కీలో తల దూర్చాడు. ఆమె గొడుగు తీసుకుని బండకు ఆనించి చూసుకుంది. కోప్పడుతుందేమో, కారెక్కి కూర్చుంటుందేమోనని నేను కారు తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. ఆమె మెల్లగా బండ మీద కూర్చుంది.

అప్పుడు చేసిన తప్పు తెలిసింది. మేం జంపఖానా పరిచింది ఆమె కాళ్ల దగ్గర. మేం కింద, ఆమె పైన. ఎర్ర కుర్చీ పోయి రాతి కుర్చీ వచ్చింది, అంతే. గొడుగుతో ఎత్తు కొలిచాం గానీ, పక్కన చోటెంతో చూసుకోలేదు.

మా బావమరిది భార్య పళ్లెం చేతిలో పట్టుకుని లేచింది. "జెర జరుగు వదినా," అని ఆమెను భుజంతో నెట్టి పక్కన కూర్చుంది. అన్నయ్య వరుసైన నన్ను ఒక్క చూపు చూసింది. నా చెవిన పడకుండా వదినతో చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయన్న చూపు అది. మా బావమరిది కూడా లేచి ఆ కొసకు చేరాడు. బండ నిండింది. జంపఖానా మొత్తానికి నేనొక్కణ్ణే మిగిలాను.

"నాకు చోటేది?" అన్నాను.

"మీరు కిందనే కూసోండి," అంది మా ఆవిడ. "గొడుగుంది గదా, తోడు."

వదినా మరదళ్ల తలలు రెండూ దగ్గరికి చేరాయి. గుసగుస మొదలైంది. ఎవరి గురించో నాకు వినిపించలేదు. మధ్యలో నా వైపు చూసి నవ్వారు కాబట్టి తెలుసుకోవాల్సిన అవసరమూ లేకపోయింది. ఎదుటివాళ్లు నా మీద నవ్వుతుంటే అంత హాయిగా అన్నం తిన్నది అదే మొదలు.

తిన్న పళ్లేలూ కవర్లూ సంచిలో మూట కట్టాం. ఆమె ఎవరి చెయ్యీ అడగకుండా బండ మీది నుంచి లేచింది.

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ కారెక్కే ముందు ఆమె అన్న మాటొకటి రాయాలి, అది రాయాలంటే ఒక అబద్ధం విప్పాలి. చెరువులో నీళ్లు లేవు. చుక్క లేదు. పగుళ్లు తీసిన ఒండ్రు, అందులో అక్కడక్కడా గడ్డి, దాని కోసం పది మేకలు. అలలూ కొంగలూ నేను తెచ్చి పెట్టినవి. మిగతావన్నీ, కొంచెం ఉబ్బినా, జరిగినవే.

ఆమె కారు తలుపు పట్టుకుని ఆ ఎండిన చెరువును చాలాసేపు చూసింది.

"వానలు పడ్డంక మళ్ల వద్దాం," అంది. "నిండితే ఎట్లుంటదో చూడాలె."