శిగం

నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కాను. ఊరు దాటకముందే బోనాల ఊరేగింపు ఎదురై బస్సు ఆగింది. డప్పుల ముందు జుట్టు విరబోసుకుని ఒకావిడ ఊగిపోతోంది. మా గుంటూరులో పూనకం అంటాం. ఆ మాటైనా అనకుండా, "పాపం, పిచ్చెక్కినట్టుంది" అన్నాను.

పక్క సీటులోని పెద్దావిడ నావైపు తిరిగింది.

"పిచ్చి గాదు బిడ్డా, శిగమొచ్చింది. పిచ్చిదాన్ని దూరం కొడ్తరు. శిగమొచ్చినదాని కాళ్లకు నీళ్లు పోస్తరు."

అన్నట్టే తలపాగా చుట్టుకున్న ఒకాయన చెంబుతో నీళ్లు పోసి చేతులు జోడించాడు. ఊగుతున్నావిడ వేలు చూపిస్తూ గద్దించింది. ఆయన తల దించుకుని, "తప్పయింది తల్లీ" అన్నాడు.

"గాయన ఆమె పెనిమిటే, మా గల్లీల్నే ఉంటరు. ఇంట్ల ఆమెను నోరెత్తనియ్యడు. గిప్పుడు ఎంత తిట్టినా పడ్తడు. తిట్టేది అమ్మవారు గద! రేపు గూడ ఆమెను ఏమనొద్దు."

డప్పులు పక్కకు జరిగాయి. బస్సు కదిలింది.

"మీకెప్పుడైనా వచ్చిందా అమ్మా?" అని అడిగాను.

ఆమె కిటికీలోంచి చెరకు తోటల వైపు చూపు తిప్పింది.

"మా ఆయన పోయేదాంక ఏటేటా డప్పుల ముందల నిలబడ్డ బిడ్డా. రాలే."