కంట్రీ పాట, వేలంపాట

కలకత్తా రేవు పక్కన మా గార్డెన్ రీచ్‌లో ‘కంట్రీ’ అన్న మాటకు ఒకటే అర్థం. డాక్ గేటు నుంచి మా వీధికి తిరిగే మలుపులో ఒక దుకాణం ఉంది. దాని బోర్డు మీద ఇంగ్లీషులో ‘కంట్రీ స్పిరిట్’ అని ఉంటుంది, అంటే నాటుసారా. షిఫ్టు దిగిన మనుషులు అక్కడ ఆగుతారు. కొందరు తమంతట తాము ఇంటికి వస్తారు, కొందరిని ఇంటివాళ్ళు వెళ్ళి తెచ్చుకుంటారు. మా తెలుగు ఇళ్ళలో ఇంగ్లీషు చదవడం రాని ఆడవాళ్ళు కూడా ఆ ఒక్క మాటను గుర్తుపడతారు. అందుకే నేను కోత పండుగ కార్యక్రమాల కాగితం మీద ‘కంట్రీ పాటలు, స్టీల్ గిటారుతో’ అని తెలుగులో రాసి చర్చి తలుపుకు అంటించిన ఆదివారం, ఆరాధన మొదలు కాకముందే గొడవ మొదలైంది.

“ఏటిరా ఇది?” అంది పెద్దమ్మ.

ఆవిడ మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. మాకు రక్తసంబంధం లేదు గాని, మావయ్య ఆవిడను అప్పా, అంటే అక్కా, అని పిలుస్తాడు కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. ఆవిడ భర్త రేవులో సరుకులెత్తే వించి నడిపేవాడు, మా సంఘంలో అంత మంచి గొంతు ఇంకొకటి లేదని పాతవాళ్ళు చెప్తారు. ఆ మలుపు దగ్గర దుకాణమే ఆయన్ని తినేసింది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆవిడ ముందు ఎవరూ ఎత్తరు.

“గుడి తలుపు మీద సారా పేరు రాసినావా?”

“అది సారా కాదు పెద్దమ్మా. అమెరికాలో పల్లెల్లో పుట్టిన పాటలు. ఆ సంగీతం పేరే అది.”

“అమెరికావోళ్ళు తాగరేటి?”

“తాగుతారు. పాటల్లో కూడా తాగుతారు.”

అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పడం నా అలవాటు. ఆ రోజు అది నాకు పనికిరాలేదు. పెద్దమ్మ కాగితం ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి, తన బైబిల్లో దాచేసింది.

ఇక్కడ మావయ్య గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ కాగితం ఆయన కోసం. మావయ్య ఓడల కార్ఖానాలో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో పక్క వీధిలో ఉండే ఒక ఆంగ్లో ఇండియన్ టగ్ బోటు డ్రైవరు దగ్గర స్టీల్ గిటారు నేర్చుకున్నాడు, దాంతోపాటు కంట్రీ పాటలూ నేర్చుకున్నాడు. శనివారాలు పార్క్ స్ట్రీట్‌లో ఒక హోటల్‌లో వాయించేవాడు. ఆ హోటల్‌లో జనం తాగుతారు కాబట్టి, అప్పటి సంఘ పెద్దలు ఆయన్ని గాయక బృందంలోంచి తీసేశారు. తాగేచోట వాయించిన చెయ్యి గుళ్ళో వాయించకూడదన్నారు. మావయ్య గ్లాసు ముట్టి ఎరుగడు. అయినా వాదించలేదు, చర్చి మారలేదు. అప్పటినుంచి ఆఖరి బెంచీలో, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుంటున్నాడు.

ఈమధ్య పొద్దున పూట ఆయన వేళ్ళు సరిగ్గా ముడుచుకోవడం లేదు. ఒకరోజు టీ తాగుతూ, కప్పు వైపే చూస్తూ అన్నాడు: “ఈ సేతి ఏళ్ళు పూర్తిగా బిగుసుకుపోకముందు మన గుళ్ళో ఒక్కసారి వాయించాలనుందిరా.” అంతే. ఇంకోసారి ఆ మాట ఎత్తలేదు. నాకు ఇంకోసారి అవసరం లేదు.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివాను. గేజీలు, సెన్సర్లు, కేబుళ్ళు నా పని. ఏ యంత్రాన్నయినా విప్పి చూస్తేనే నమ్ముతాను. మావయ్య గిటారుకు తీగల అదురును పట్టే పికప్పు, చిన్న ఆంప్లిఫయరు నేనే చేసిపెట్టాను. ఆ పని చేస్తూ ఈ సంగీతాన్ని కూడా విప్పి చూశాను. బాంజో ఆఫ్రికా నుంచి వచ్చింది, గొలుసులతో ఓడెక్కించిన మనుషుల జ్ఞాపకంలో. ఫిడేలు స్కాట్లండు, ఐర్లండుల నుంచి బతకడానికి వచ్చిన పేదవాళ్ళతో వచ్చింది. గొంతు విరిచి పైకి ఎగరేసి పాడే పద్ధతి యూరప్‌లోని మంచుకొండలది. మీటే గిటారు స్పెయిన్‌ది. తీగల మీద ఇనుప కడ్డీ జార్చి వాయించే స్టీల్ గిటారు హవాయి దీవులది. వరసల్లో సగం చర్చి కీర్తనలవి. మిగిలింది రైలుమార్గాలు, మిల్లులు, గనులు, ఇంటికి దూరంగా కూలి చేసేవాళ్ళ దిగులు.

అంటే, ‘నాటు’ అని పేరు పెట్టుకున్న ఆ సంగీతంలో ఆ నేలలో మొలిచిన వాయిద్యం ఒక్కటి కూడా నాకు కనపడలేదు. అన్నీ ఓడ దిగినవే. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ రేవులో మూటలు మోశాడు. నేను ఈ రేవు సైరన్ వింటూ పెరిగాను. ఈ సంగీతం నాకు పరాయిదని ఎవరైనా అంటే, అసలు అది ఎవరికి సొంతమో ముందు వాళ్ళని చెప్పమంటాను.

హవాయి గిటారు మా ఊరికి కూడా వచ్చింది. కలకత్తాలో అది బెంగాలీ ఇళ్ళ ముందుగదుల్లో సాయంత్రాలు నేర్చుకునే విద్య అయింది. ఇప్పటికీ పాత వీధుల్లో ‘హవాయియన్ గిటార్ నేర్పబడును’ అన్న రేకు బోర్డులు కనిపిస్తాయి. అదే వాయిద్యం అటు వెళ్ళి కంట్రీ అయింది, ఇటు వచ్చి భద్రలోకుల, అంటే చదువుకున్న మర్యాదస్తుల, చేతికి చేరింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మారారు, కడ్డీ మాత్రం అదే ఇనుము.

వారం మధ్యలో సంఘ కమిటీ కూర్చుంది, నన్నూ మావయ్యనూ పిలిచింది. మా పాస్టరు అయ్యగారు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవారు, ఎవరినీ నొప్పించరు. “తమ్ముడూ, పేరొక్కటే కదా సమస్య. ‘పాశ్చాత్య భక్తి గీతాలు’ అని రాద్దాం. అందరికీ సమ్మతంగా ఉంటుంది” అన్నారు.

మావయ్య వెంటనే తలూపాడు. “మార్చేయరా. పేరుతో మనకేటి పని?”

నేను మార్చనన్నాను. నా కారణాలు చెప్పాను. ఒకటి, అవి భక్తి గీతాలు కావు. వాటిలో భక్తి ఉంది, తాగుడూ ఉంది, జైలూ ఉంది, తల్లీ ఉంది. రెండు, ఈ సంగీతం చరిత్ర నిండా తప్పుడు పేర్లే. మొదట్లో రికార్డులు అమ్మినవాళ్ళు దీన్ని కొండప్రాంతపు మొరటోళ్ళ పాటలన్నారు. అదే వరస నల్లవాళ్ళు పాడితే వేరే పేరుతో వేరే అరలో పెట్టారు. బాంజో తెచ్చినవాళ్ళ పేరే బాంజో పాటల్లోంచి చెరిపేశారు. ఇంకో తప్పుడు పేరు నా చేత్తో నేను రాయను. మూడు, ఈ ఊళ్ళో ఆ సారాను అందరూ బాంగ్లా అనే పిలుస్తారు. బాంగ్లా బెంగాలీల భాష పేరు కూడా. సీసాకి ఆ పేరుందని ఏ బెంగాలీ తన భాష పేరు మార్చుకున్నాడు?

“శానా బాగా మాటాడినావు,” అంది పెద్దమ్మ. “ఆ బెంగాలీ మొగుడు తాగి సచ్చిపోతే ఆ పెళ్ళాం ఏ బాసలో ఏడిసిందో అది కూడా సదువుకో.”

ఆవిడ అన్నది నిజమే. కానీ ఆ నిజం వేరు, పేరు మార్చడం వేరు. నేను ఒప్పుకోలేదు. వాళ్ళు మా అంశాన్ని కొట్టేశారు.

పండుగకు ముందు కొత్త కాగితం తలుపు మీదకి వచ్చింది. మా పాటలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. దాని కింది వరసలో ‘వేలంపాట’ అని ఉంది. నేను ఆ మాటను చదివి, ఆగి, మళ్ళీ చదివాను. పాట.

కోత పండుగ గురించి తెలియనివాళ్ళకు: శ్రీకాకుళంలో ఉన్నప్పుడు మావాళ్ళు మొదటి కోత ధాన్యం గుడికి తెచ్చేవారు. ఇక్కడ పొలాల్లేవు. అందుకని ఎవరి చేతిపని వాళ్ళు తెస్తారు. పెంచిన కోడి, కుట్టిన జాకెట్టు, వండిన పాయసం, చెక్కిన పీట. అన్నీ బల్ల మీద పెట్టి వేలం వేస్తారు. దానికి రాయని నియమాలు రెండున్నాయి. మొదటి ఫలం అని చెప్పి బల్ల మీద పెట్టినదాన్ని ఎవరూ కాదనకూడదు. సరుకు ఎత్తి అందరికీ చూపించకుండా పాట మొదలుపెట్టకూడదు.

వేలం వేసేది ఒక రిటైరైన క్రేన్ డ్రైవరు. మేమందరం ఆయన్ని తాతా అనే పిలుస్తాం. ఆయనకు మైకు అక్కర్లేదు. పండుగ మధ్యాహ్నం ఆయన ఒక గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని, “ఇది బడ్జ్ బడ్జ్ నుంచి బస్సులో వచ్చింది. కండక్టరు దాదా దీనికి సీటిచ్చాడు, నన్ను నిలబెట్టాడు. అంత మర్యాదున్న కాయ. పాడండి,” అన్నాడు. పెద్దమ్మ పాడి గెలుచుకుంది.

తర్వాత నేను వెళ్ళి మావయ్య స్టీల్ కడ్డీ బల్ల మీద పెట్టాను. ఓడ పైపుల పనిలో మిగిలిన ముక్కను ఆయనే నునుపు చేసుకున్నది.

“ఇదేటిరా?”

“మావయ్య మొదటి ఫలం తాతా. ఒక పాట.”

“ఏం పాట?”

“కంట్రీ పాట.”

వెనక బెంచీల్లో కుర్రాళ్ళు నవ్వారు. అయ్యగారు లేచి, “తమ్ముడూ, కమిటీలో అనుకున్నాం కదా” అన్నారు.

“అయ్యగారూ, బల్ల మీదకి వచ్చీసింది,” అన్నాడు తాత. “దించే అధికారం నాకు లేదు, మీకూ లేదు. కానీ సరుకు సూపించకుండా నాను పాట ఎట్టను. ఒరే వెల్డరూ, రా.”

మావయ్యకు నేను ముందు చెప్పలేదు. గిటారు, ఆంప్లిఫయరు తెచ్చి బల్ల వెనక పెట్టిన సంగతీ ఆయనకు తెలియదు. ఆఖరి బెంచీ నుంచి నడిచి వచ్చి, నా పక్కన ఆగి, “నన్ను సంతలో ఎట్టీసినావు కదరా,” అన్నాడు. తర్వాత కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళు రెండుసార్లు ముడిచి విప్పాడు.

ఆయన వాయించింది ఎక్కడా నేర్చుకున్న పాట కాదు. వరస కంట్రీది, మాటలు మావి, ఆయన కట్టుకున్నవి. హుగ్లీ నదిలో సముద్రపు పోటు వచ్చినప్పుడు నీళ్ళు వెనక్కి నడుస్తాయి, అక్కడ మొదలవుతుంది.

*ఏరు ఎనక్కి నడిసే ఏళ
నన్ను కూడా తీసుకుపో
దీపముండే కొట్టు ఒకటి
దీపముండే ఇల్లు ఒకటి*

స్టీల్ గిటారులో ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య మెట్టు ఉండదు. కడ్డీ జారినంత మేరా గొంతు జారుతుంది. అందుకే అది మనిషి ఏడుపుకు దగ్గరగా ఉంటుంది. పాటలో ఒకడు షిఫ్టు దిగి మలుపు దగ్గరికి వచ్చాడు. ఒక పక్క కొట్టు, ఒక పక్క ఇల్లు. అక్కడ మావయ్య కడ్డీ ఎత్తేశాడు.

“మిగతాది కొన్నవోళ్ళకి,” అన్నాడు.

హాలంతా గోల. కుర్రాళ్ళు పాడారు, గాయక బృందం వాళ్ళు పాడారు, చివరికి అయ్యగారి భార్య కూడా ఒకసారి పాడింది. ప్రతి పాట మీదా ఒక గొంతు ఇంకొంచెం పైకి పాడింది. పెద్దమ్మది. ఆవిడ ఒళ్ళో గుమ్మడికాయ పెట్టుకుని కూర్చునే అందరినీ దాటేసింది. మూడోసారి కొట్టాక తాత కడ్డీని ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ ఎందుకు కొన్నదో అందరికీ అర్థమైందనే అనుకున్నాం. సొంతమైనదాని నోరు మూయించొచ్చు.

“ఇప్పుడిది నాది కదా?” అంది.

“నీదే అప్పా,” అన్నాడు మావయ్య.

“అయితే దాని పేరు మార్చు.”

కమిటీలో వెంటనే తలూపిన మనిషి ఈసారి తలూపలేదు. “మార్చను అప్పా. ఆ కొట్టు పేరు కూడా అదే. పేరు తీసీస్తే పాటలో కొట్టే ఉండదు. ఆడు ఇంటికెళ్ళడానికి అడ్డమేటుంది మరి?”

పెద్దమ్మ కడ్డీని అరచేతిలో తిప్పి చూసింది. “ఆడు ఎటు తిరిగినాడు?”

“పాడితేనే తెలుస్తాది.”

ఆవిడ లేచింది. కడ్డీని మావయ్య ముందు పెట్టి, గుమ్మడికాయ చంకన పెట్టుకుని, నడిచి బయటికి వెళ్ళిపోయింది. గుమ్మం దాటి, మెట్ల మీద కూర్చుంది, మాకు వీపు పెట్టి. వీధిలోకి వెళ్ళలేదు.

మావయ్య పాడాడు. ఆవిడ కోసం మాట మార్చలేదు. పాటలో మనిషి కొట్టు వైపే తిరిగాడు. తర్వాత చరణమంతా ఇంట్లో దీపం పట్టుకున్న ఆడమనిషిది. ఒక చోట ఆయన చూపుడు వేలు పట్టు తప్పి తీగ బుసకొట్టింది, అయినా ఆగలేదు. మెట్ల మీద వీపు కదల్లేదు.

పాట అయ్యాక ఆవిడ లోపలికి వచ్చింది. కడ్డీ తీసుకుని కొంగుతో తుడిచి సంచిలో వేసుకుంది. “కొన్నది ఇదే కదా,” అని ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంకో కడ్డీ చేసిస్తానని మావయ్యతో అన్నాను. వద్దన్నాడు. ఇప్పుడు వాయించాలనిపిస్తే ఆయన ఆవిడ ఇంటికే వెళ్ళాలి. ఆదివారం మధ్యాహ్నాలు వెళ్తున్నాడు. ఆవిడ టీ పెట్టి, కడ్డీ తీసి ఇస్తుంది. ఆ మాట మాత్రం ఇప్పటికీ పలకదు. ‘ఆ పాట’ అంటుంది. నా పాత కాగితం ఇంకా ఆవిడ బైబిల్లోనే ఉంది. అడిగితే ఇవ్వనంది.

ఉంచుకోనీ. వచ్చే కోత పండుగకు కూడా కాగితం రాసేది నేనే. ఆ మాట అదే తెలుగు అక్షరాల్లో, ఇంకొంచెం పెద్దగా రాస్తాను.