పెట్టె మీది పచ్చ ప్యాకెట్

జువాంగ్ అన్న కంప్యూటర్ పెట్టె మీది పచ్చ ప్యాకెట్‌ను లై మేనేజరు తినేశాడు. మా షించూ ఊళ్ళో కంప్యూటర్లతో బతికేవాళ్ళకు ఇంతకన్నా ఘోరం లేదు. ఆ కొబ్బరి చిరుతిండి గడువు దాటకుండా పైన ఉన్నంతకాలమే మిషన్ బుద్ధిగా నడుస్తుందని మా అందరి నమ్మకం.

"సార్, అది మిషన్‌ది!" అన్నాను.

"ఆకలేసిందయ్యా, ఏం చెయ్యమంటావ్?"

జువాంగ్ అన్న నిట్టూర్చి సొరుగు లాగాడు. "పర్లేదు, ఇంకొకటి ఉంది."

అదే ఆయన జబ్బు. దేనికైనా చేతికందేచోట ఇంకొకటి ఉండాలి. గొడుగులు రెండు, చెప్పులు రెండు జతలు, పెళ్ళిఫొటోలు అయిదు చోట్ల. "మరి వదిన ఒక్కరేగా?" అంటే, "నకలు తియ్యనివ్వలేదురా" అనేవాడు.

ఆ పాత పెట్టె కూడా అలాంటిదే. ప్రోగ్రాముకు కావలసిన సరంజామా మొత్తం మూటగట్టిన ఇమేజ్‌లను మేమంతా ఇంటర్నెట్‌లోని పెద్ద గిడ్డంగి నుంచి తెచ్చుకునేవాళ్ళం. ఈయన వాటి నకళ్ళను ఆఫీసులోనే దాచి, దాన్ని రిజిస్ట్రీ అనేవాడు.

"బయట ఊరికే దొరికేదానికి కరెంటు దండగ, తీసెయ్" అన్నాడు మేనేజరు. అన్న తీసేశాడు. తీసి తన బల్ల కింద, రెండో జత చెప్పుల వెనక పెట్టాడు.

నాకు డిగ్రీ లేదు. పుస్తకాల షాపుల్లో నిలబడి చదివిన చదువే. కస్టమర్ ముందు నా ప్రోగ్రాము నడిస్తే ఉద్యోగం పక్కా, లేకపోతే ఇంటికే. ఆ రోజు రానే వచ్చింది. ఇమేజ్‌లు మాత్రం రాలేదు. మా ఆఫీసు మొత్తానికి ఆ పూట ఇచ్చే వాటా అయిపోయిందంది గిడ్డంగి. పొద్దున్నే సీనియర్లు లాగేసుకున్నారు.

"డిగ్రీ లేనివాళ్ళను తీసుకుంటే ఇంతే" అన్నాడు మేనేజరు, కస్టమర్‌కు వినపడేలా.

బల్ల కింద నుంచి గొంతు వచ్చింది: "ఇంకొకటి ఉంది."

నా ప్రోగ్రామును నడిపే మిషన్ల గుంపును, అదే క్లస్టర్‌ను, ఆ పెట్టె వైపు తిప్పాను. మొండికేసింది.

"కొత్తముఖం కదరా, నమ్మదు. పరిచయం చెయ్యాలి" అంటూ అన్న గుర్తింపు కార్డులాంటి తన రిజిస్ట్రీ సర్టిఫికెట్‌ను క్లస్టర్‌లోని మిషన్లన్నిటిలో పెట్టాడు. ప్రోగ్రాము పరుగెత్తింది.

"నాక్కావలసినవి మీ దగ్గర ఎందుకున్నాయన్నా?"

"కొత్తవాళ్ళవి ముందే తెచ్చి పెడతా. వాటా తినేది సీనియర్లు, తిట్లు తినేది మీరు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే సీనియర్లు కూడా వస్తారు."

నేను ఇంకో కంపెనీకి వెళ్ళిపోతున్న రోజు బస్టాపు దాకా వచ్చాడు. గడువు తేదీ రెండుసార్లు చూసి మరీ రెండు పచ్చ ప్యాకెట్లు చేతిలో పెట్టాడు.

"రెండెందుకన్నా?"

"ఒకటి మిషన్ మీద పెట్టు. ఇంకొకటి అక్కడి మేనేజరు బల్ల మీద పెట్టు. పాపం, వాళ్ళకీ ఆకలేస్తుంది కదరా."