సూపర్‌టీములో నేను

స్టార్ ప్లేయర్లంతా సూపర్‌టీమంటూ ఒకే టీములో చేరి బాస్కెట్‌బాల్ లీగుల్లో పోటీని చంపేస్తున్నారని ఇంట్లో రోజూ గోల పెట్టేది నేనే. ఈ సాయంత్రం సింగపూర్‌లో, జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాక్ పక్క కోర్టులో ముగ్గురేసి ఆడాం. ఇక్కడ హాకర్ సెంటర్లో తిండి కొనుక్కునే ముందే టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసినట్టు, అంటే ఆపేసుకున్నట్టు, బాగా ఆడే ఇద్దరికీ పొద్దున్నే మెసేజ్ పెట్టి నా టీముకి చోప్ చేసేశాను.

"నాన్నా, నౌ యూ ఆల్సో సూపర్‌టీమ్ లా!" అంది మా అమ్మాయి సింగపూర్ ఇంగ్లిష్‌లో.

"ఇది ప్లానింగ్ అమ్మా" అన్నాను.

అవతల అరవై దాటిన అంకుల్, ఆయన ఇద్దరు మనవరాళ్లు. అయినా ఓడిపోయాం. మావాళ్లు నాకిచ్చిన ప్రతి బంతీ తిన్నగా అంకుల్ చేతికే చేరింది.

స్టార్లు ఎంతమంది కలిసినా, మధ్యలో నేనొకణ్ణి ఉంటే పోటీకి ఢోకా లేదు. మీ దగ్గర ఏ టీమైనా మరీ గెలిచేస్తుంటే చెప్పండి, వచ్చి చేరతాను.