ఒక చుట్టు ఎక్కువ

నేను లెక్కలు బడిలో నేర్చుకున్నది తక్కువ, మగ్గం దగ్గర నేర్చుకున్నది ఎక్కువ. పడుగులో నూట ఇరవై పోగులైతే ఒక పుంజం. ఇప్పటికీ ఏ లెక్కైనా నా తలలో మొదట పుంజాల్లోకి మారుతుంది.

డెబ్బైల చివర్లో కొత్తవాడలో మా డాబా మీద నిలబడి, పొద్దుగూకాక కదిలే చుక్క, అంటే ఉపగ్రహం, కనబడితే చేతిగడియారం చూసి నోటుబుక్కులో వేళ రాసుకునేవాణ్ణి. అరవై రెండు సాయంత్రాలు రాశాను. అది భూమిని ఒకసారి చుట్టడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో వాటినుంచి కట్టాను. సరిగ్గా కట్టానో లేదో వరంగల్‌లో చెప్పేవాళ్లు దొరకలేదు.

దసరాకు మగ్గాలు ఆగిన వారం, నా పక్క మగ్గం నేసే మిత్రుడితో కలిసి ఒక అంతరిక్ష పరిశోధన కేంద్రం చూడటానికి వెళ్లాను. రైల్లో పూర్తిగా ఒక రోజు. అతనికి అది షికారు. నాకు ఒకటే పని. తెలిసినవాళ్లెవరైనా నా నోటుబుక్కు చూసి ఒప్పనో తప్పనో చెప్పాలి.

అన్నీ చూపించడానికి వచ్చినాయన నోట్లో కిళ్లీ. ప్రతి గది గుమ్మం మూలా ఎర్రగా ఉంది. అక్కడే ఆగి ఉమ్మి, మూతి తుడుచుకుని, మమ్మల్ని లోపలికి రమ్మనేవాడు. నేను పంచె ఎత్తి పట్టుకుని గుమ్మం దాటేవాణ్ణి. ఒక హాల్లో ఉపగ్రహం నమూనా, పక్కన బోర్డు: ‘ఒక చుట్టుకు 96 నిమిషాలు. రోజుకు 16 చుట్లు.’

రోజుకు పద్నాలుగు వందల నలభై నిమిషాలు, అంటే పన్నెండు పుంజాలు. బోర్డు లెక్కన పన్నెండు పుంజాల మీద తొంభై ఆరు మిగులుతోంది. సరిగ్గా ఒక చుట్టు ఎక్కువ.

“పదిహేనే ఉండాలె కదా సార్?” అన్నాను.

“చూసిపోయేవాళ్ల కోసం పెట్టిందండీ అది. ఎవరు లెక్కబెడతారు?”

“ఈయన పెడ్తడు సార్. ఇంట్ల బియ్యం గింజలు గూడ ఇడువడు,” అన్నాడు మిత్రుడు. “నీ పుంజాలు ఈడికి గూడ మోసుకొచ్చినవా బావా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతనూ పుంజాలు లెక్కపెట్టి బతికేవాడే. బోర్డు మీద తప్పుందని అతనికీ తెలిసే ఉంటుంది. తెలిసి నవ్వాడు.

చూపించే ఆయన కిళ్లీ సున్నం అంటిన వేలితో బోర్డు మీది 16లో 6ను రుద్ది పూడ్చేశాడు. “ఇప్పుడు సంతోషమేనా?” రోజుకు ఒకటే చుట్టు మిగిలింది.

అయినా నోటుబుక్కు ఆయన చేతికే ఇచ్చి, లోపల ఎవరికైనా చూపించమని అడిగాను. కాగితాలు జారకుండా దాన్ని పోగుతో చుట్టి ముడివేసి తెచ్చాను. గంటన్నర తరువాత గేటు దగ్గర తిరిగి ఇచ్చాడు.

“చూశారండీ. చాలా బాగుందన్నారు.”

అట్ట మీద సున్నం వేలిముద్ర ఉంది. ముడి వేసింది వేసినట్టే ఉంది.

పక్కనే బల్ల మీద అభిప్రాయాల పుస్తకం. మిత్రుడు ఇద్దరి తరఫునా ‘చాలా బాగుంది’ అని రాసి, “జర సంతకం పెట్టు బావా, రైలు పోతది,” అన్నాడు.

పెట్టాను.

వరంగల్ దాకా రైల్లో అతనివైపు వీపు పెట్టి కూర్చున్నాను. తన మీద కోపమనుకున్నాడు. కిళ్లీ మరకల కంటే, అతని నవ్వు కంటే నాకు ఆ సంతకం అసహ్యమనిపించింది. ముడి విప్పలేదని తెలిసీ, చూశారని ఒప్పుకున్నట్టు నా చేత్తోనే రాసిచ్చాను. నా లెక్క ఒప్పో తప్పో నాకింకా తెలియదు.