తెల్లగుడ్డల పటాలం

ప్రష్యా, ఆస్ట్రియా నాదంటే నాదని కొట్టుకునే సైలీషియాలో క్లైన్‌హోఫ్ అనే ఊరి గుడ్డలన్నీ యుస్టీనా చేతి మీదుగానే తెల్లబడేవి. ఊరంతా అవిసె నార వడికి నేసేవాళ్లు. ఆ మట్టిరంగు గుడ్డల్ని ఏటి ఒడ్డు పచ్చికలో బారులుగా పరిచి, ఎండ కాస్తున్నంతసేపూ నీళ్లు చిలకరిస్తూ చలువ చెయ్యడం ఆమె పని. ఒక్కపూట తడి ఆరిందా, పడ్డ పసుపు చార ఇక జన్మలో పోదు. నలభై ఏళ్లలో ఆమె ఒక్క గుడ్డనూ ఆరనివ్వలేదు. ఆ మాట తనే రోజుకు నాలుగుసార్లు చెప్పేది, వినేవాళ్లు ఉన్నా లేకపోయినా.

ఆ ఊళ్లో ఆడవాళ్లు తమను పాతిపెట్టేటప్పుడు చుట్టే గుడ్డను తామే వడుక్కుంటారు. ఊరి గుడ్డలతోనే సరిపోయి, పాపం, యుస్టీనాకు అది అరవై తొమ్మిదో ఏటికి గానీ కుదరలేదు. ఆ వేసవిలో ఎట్టకేలకు తన గుడ్డను చివరి బారులో పరిచింది. ఇంకో వారం ఎండ తగిలితే చాలు. సరిగ్గా ఆ వారమే ప్రష్యా రాజుకూ ఆస్ట్రియా రాణికీ కొట్టుకోవడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదు!

ఉత్తరం గుట్ట మీద ప్రష్యా సైన్యం, దక్షిణం గుట్ట మీద ఆస్ట్రియా సైన్యం దిగగానే ఊరు ఊరంతా అడవిలోకి పరుగుతీసింది. యుస్టీనా కదల్లేదు. తెల్లవారుతూనే ఏటికి నీళ్ల కోసం వచ్చిన ప్రష్యా ఫిరంగివాడొకడు ఆమెను చూసి నోరు తెరిచాడు. పేరు మాథెస్. తలుపంత వెడల్పు మనిషి, నేతపనివాళ్ల బిడ్డ.

"అవ్వా, ఇంకాసేపట్లో ఇక్కడ ఫిరంగి గుళ్లు పడతాయే. మతిగానీ పోయిందా నీకు?"

"పడితే పడనీరా. గుడ్డ ఆరితే నువ్వొచ్చి తడుపుతావా?"

వాడు వంగి చివరి గుడ్డ అంచును వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మా అమ్మ కూడా ఇంత సన్నంగా నెయ్యలేదు. ఎవరిదే ఇది?"

"నాదే. పోయేటప్పుడు చుట్టుకుపోవడానికి."

"అబ్బో! దీన్ని చూస్తే నాకే చావాలనిపిస్తోంది."

"ఛీ, పాడు నోరు! బిందె ఎత్తుకుని పో ఇక్కణ్ణుంచి."

పొగమంచు కాస్త పలచబడగానే ప్రష్యా కెప్టెన్ దుర్భిణి కంటికి పెట్టుకుని అదిరిపడ్డాడు. ఆస్ట్రియా వాళ్ల కోట్లు తెల్లవి కదా, కింద పచ్చికలో తెల్లగా ఆరు బారులు!

"పొంచి పడుకున్నారు దొంగవెధవలు! పటాలానికి పటాలం!"

"దొరా, అవి గుడ్డలండీ," అన్నాడు మాథెస్. "పొద్దున నేను చేత్తో పట్టుకుని చూశాను."

"నీ పని పేల్చడం. చూడ్డం నా పని."

రెండు గంటలు పేల్చారు. బారుల్లో ఒక్కడూ లేవలేదు, అరవలేదు, పారిపోలేదు. కెప్టెన్‌కు చెమటలు పట్టాయి. పైగా ఎండెక్కేసరికి ఒక ఆకారం నీళ్ల తొట్టె పట్టుకుని బారుల మధ్య తాపీగా నడుస్తూ కనబడింది.

"వాళ్ల సేనాపతి! ఇన్ని గుళ్ల మధ్య స్వయంగా నీళ్లు తాగిస్తున్నాడు! ఏం గుండెరా అది!" అని టోపీ తీశాడు.

ఆ సేనాపతి అప్పుడు రెండు రాజ్యాలవాళ్లనూ ఏడు తరాలు ఎత్తి తిడుతోంది. ఐదు బారులు జల్లెడైపోయాయి. ఆరోది, ఆమెది, చెక్కుచెదరలేదు. ఆ బారుకు గురిపెట్టిన ఫిరంగి మాథెస్‌ది.

దక్షిణం గుట్ట మీది ఆస్ట్రియా వాళ్లు, తమ పటాలమేదో కింద శత్రువును ఆపుతోందని నమ్మి, దానికి జేజేలు కొట్టి, తీరిగ్గా వెనక్కి వెళ్లి, గెలిచామని చర్చి గంటలు మోగించారు. ప్రష్యా వాళ్లు కూడా గెలిచారు. గెలిచినవాళ్లు ఫిరంగుల్ని ముందుకు దొర్లించాలి గనక దొర్లించారు. కింద పచ్చికంతా తడి. మాథెస్ ఫిరంగి జారి, సరాసరి ఆరో బారు మీదికి ఉరికింది.

"పక్కకి! పక్కకి! అవ్వ గుడ్డరా అది!" అంటూ వాడు చక్రానికి భుజం అడ్డం పెట్టాడు. చక్రం పక్కకే తిరిగింది, వాడి మీదుగా. ఆ యుద్ధంలో చచ్చినవాడు వాడొక్కడే.

యుస్టీనా తొట్టె విసిరేసి పరుగెత్తింది. "గుడ్డ కోసం చస్తావురా, దున్నపోతా! ఈ నేల తడిపింది నేనేరా, నాయనా!" అని వాడి చెంపలు తడుతూ గుండెలవిసేలా ఏడ్చింది.

కెప్టెన్ దిగి వచ్చాడు. "నీళ్లు తాగించిన ఆ సేనాపతి ఎక్కడ?"

"నేనే. ఏం కావాలి?"

అతను తొట్టెను చూశాడు, గుడ్డల్ని చూశాడు. పైకి వెళ్లి, శత్రు సేనాపతి హతమయ్యాడని రాజుకు రాసి పంపాడు.

యుస్టీనా గుడ్డ అంచుల్ని నేలకు బిగించిన మేకులు పీకి, తన గుడ్డలో మాథెస్‌ను చుట్టింది. అంత మనిషికి అది చాల్లేదు. పాదాలు బయటే ఉండిపోయాయి. వాటి మీద పనిలో నడుముకు అడ్డం కట్టుకునే గుడ్డ విప్పి కప్పి, ఏటి ఒడ్డునే పాతిపెట్టించింది.

మరుసటి వసంతంలో మళ్లీ అవిసె చల్లింది. కళ్లు కనబడవు, వేళ్లు వంగవు. ఏడాదికి మూరెడు కూడా నేత సాగేది కాదు. "ఈ వయసులో ఎందుకే అవ్వా?" అంటే, "బట్ట లేకుండా ఎలా పోతానురా, సిగ్గు లేదూ?" అనేది. అలా పదకొండేళ్లు చావును గుమ్మంలోనే నిలబెట్టింది.

గుడ్డ తెల్లబడిన వారానికే మంచమెక్కింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు కొలిచి చూసి, ఆమెకు కావలసినదానికంటే గజం ఎక్కువ ఉందన్నారు.

"తెలుసులేవే. ఆ గజం కత్తిరించి ఏటి ఒడ్డున వాడి కాళ్ల దగ్గర పాతండి. తడి మట్టే అది, పదకొండేళ్లుగా చలికి ఎలా ఉన్నాడో ఏమో."